శిక్ష అనుభవించిన ఆటగాడికి మళ్లీ జట్టులో చోటుందా?

1988 డిసెంబర్ 27న పటియాలాలో రోడ్డు మీద కారు నిలిపిన విషయంలో గొడవ జరిగింది. ఆ గొడవలో దెబ్బలు తిన్న 65 ఏళ్ల పెద్దాయన చనిపోయాడు. నిందితుల్లో ఒకరు నవజ్యోత్ సింగ్ సిద్ధూ. అప్పటికే భారత జట్టు ఓపెనర్. కేసు నడుస్తూ ఉంది, ఆయన ఆడుతూ ఉన్నాడు. 1996 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో, బెంగళూరులో పాకిస్తాన్ మీద ఆయన కొట్టిన 93 పరుగులు ఆ మ్యాచ్ చూసినవాళ్లెవరూ మరిచిపోరు. ఆ రోజుకి కూడా కేసు కోర్టులోనే ఉంది. 1999లో ట్రయల్ కోర్టు నిర్దోషి అంది. అదే ఏడాది ఆయన రిటైరయ్యాడు. 2006లో హైకోర్టు మూడేళ్ల జైలు వేసింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని మామూలు దెబ్బల నేరంగా తగ్గించి వెయ్యి రూపాయల జరిమానాతో సరిపెట్టింది. 2022 మేలో అదే కోర్టు రివ్యూలో ఏడాది కఠిన కారాగార శిక్ష వేసింది. గొడవ జరిగిన 33 ఏళ్లకు జైలు. ఈ లోపల ఆయన క్రికెటర్, కామెంటేటర్, ఎంపీ, మంత్రి అన్నీ అయ్యాడు. జైలు నుంచి వచ్చాక 2024 ఐపీఎల్‌లో మళ్లీ మైకు పట్టుకున్నాడు.

హింస కేసులో శిక్ష పడ్డ ఆటగాణ్ని మళ్లీ ప్రొఫెషనల్ ఆటలోకి రానివ్వాలా అనే చర్చ వస్తే అందరూ అమెరికా వైపు చూస్తారు. అక్కడ బాక్సర్ మైక్ టైసన్ ఉన్నాడు. 1992 ఫిబ్రవరిలో అత్యాచారం కేసులో దోషిగా తేలాడు, మూడేళ్లు జైల్లో ఉన్నాడు, 1995 మార్చిలో విడుదలయ్యాడు, ఆగస్టులో లాస్ వేగాస్‌లో రింగులోకి దిగాడు. నేరం, తీర్పు, శిక్ష, పునరాగమనం అన్నీ నాలుగైదేళ్లలో ముగిశాయి. అందుకే అక్కడ 'శిక్ష తర్వాత ఏమిటి' అనే ప్రశ్నకు అర్థం ఉంది. మన దగ్గర ఆ ప్రశ్న వేసే సమయానికి ఆటగాడికి మోకాళ్ల నొప్పులు వచ్చేసి ఉంటాయి.

అతిశయోక్తి అనిపిస్తే చిత్తూరు కోర్టునే చూడండి. 2015 నవంబర్‌లో మేయర్ కఠారి అనురాధ, ఆమె భర్త మోహన్ కార్పొరేషన్ కార్యాలయంలోనే హత్యకు గురయ్యారు. రాష్ట్రమంతా గగ్గోలు పెట్టిన కేసు అది. కింది కోర్టు తీర్పు వచ్చింది 2025 అక్టోబర్‌లో. అంత పెద్ద కేసుకే పదేళ్లు పడితే, పాకాల సంతలో జరిగిన కొట్లాట కేసు ఎన్నాళ్లు నడుస్తుందో ఊహించుకోవచ్చు. ఒక ఫాస్ట్ బౌలర్‌కో, కబడ్డీ రైడర్‌కో ఒంట్లో సత్తువ ఉండేదే పదేళ్లు.

కాబట్టి మన జిల్లాల్లో ఈ చర్చను తిరగేసి మొదలుపెట్టాలి. శిక్ష పడ్డాక ఏం చేయాలన్నది రెండో ప్రశ్న. ఎఫ్‌ఐఆర్‌కీ తీర్పుకీ మధ్య ఉన్న ఆ పదేళ్లలో ఆటగాణ్ని ఏం చేయాలన్నది మొదటి ప్రశ్న. దాని గురించి మన క్రీడా సంఘాలు దాదాపుగా మాట్లాడవు.

కూలి వేరు, గౌరవం వేరు

తిరుపతి తారకరామ స్టేడియంలో పొద్దున నడకకు వచ్చేవాళ్ల మధ్య ఈ మాట ఎత్తి చూడండి, క్షణాల్లో రెండు పక్షాలు తేలతాయి. "శిక్ష అనుభవించేసినాడు కదప్పా, ఇంకా ఎందుకు వాణ్ని ఏడిపించేది?" అంటారు ఒకరు. "ఆ చేత్తోనే కప్పు ఎత్తితే మన పిలకాయలు చప్పట్లు కొట్టాల్నా?" అంటారు ఇంకొకరు. మొదటివారు మాట్లాడుతున్నది కూలి గురించి. ఏ మనిషికైనా చేతనైన పని చేసుకుని బతికే హక్కు రాజ్యాంగం ఇచ్చింది, జైలుకెళ్లొచ్చినంత మాత్రాన అది పోదు. రెండోవారు మాట్లాడుతున్నది గౌరవం గురించి. జాతీయ జెర్సీ, కెప్టెన్సీ, అవార్డు, ఊరి మధ్యలో ఫ్లెక్సీ. ఇవి ఎవరికీ హక్కు కావు, సమాజం తన ఇష్టంతో ఇచ్చేవి.

ఆటలో చిక్కేమిటంటే ఈ రెండూ ఒకే పొట్లంలో వస్తాయి. జైలు నుంచి వచ్చిన వడ్రంగి మళ్లీ ఉలి పడితే అతని బొమ్మ ఎవరూ గోడకు అంటించుకోరు. ఆటగాడికి జీతమే కేకలూ చప్పట్లూ నుంచి వస్తుంది. ఒకటి ఇచ్చి రెండోది ఇవ్వకుండా ఉండటం కష్టం. అయినా పూర్తిగా అసాధ్యం కాదు, ఆ సంగతి తర్వాత చూద్దాం.

నా వాదన ఇది: ఆటను బతుకుతెరువుగా చూసినంత వరకు శిక్ష పూర్తయినవాడికి తలుపు తెరిచే ఉండాలి. గౌరవంగా చూసిన చోట మాత్రం తలుపు దగ్గర ఎవరో ఒకరు నిలబడి ప్రశ్నలు అడగాలి. పిల్లలకు శిక్షణ ఇచ్చే చోట అన్నిటికంటే గట్టిగా అడగాలి. పిల్లల మీద లైంగిక నేరం రుజువైనవాడికి అకాడమీ గేటు ఎప్పటికీ తెరవకూడదు, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

'శిక్ష పడింది' అన్నది జల్లెడ కాదు

చర్చంతా 'శిక్ష పడినవాళ్ల' చుట్టూ తిరుగుతుంది. అసలు శిక్ష దాకా వచ్చేవాళ్లు ఎంతమంది?

మామూలుగా గాయపరిచిన నేరాన్ని చట్టమే రాజీకి అర్హమైనదిగా పెట్టింది. బాధితుడు ఒప్పుకుంటే కేసు ముగిసిపోతుంది, నిందితుడు నిర్దోషిగా బయటకు వస్తాడు. లోక్ అదాలత్ రోజున కోర్టు ఆవరణలో నిలబడితే ఇలాంటి కేసులు వరుసగా తేలిపోవడం చూడొచ్చు. కోర్టుకన్నా ముందు ఊళ్లో పెద్దమనుషుల పంచాయితీ ఉంటుంది. బాధితుడు పేదవాడు, కొట్టినవాడికి వెనక బలగం ఉంది, అంటే రాజీ ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు. ఇంట్లో భార్యను కొట్టిన కేసుల్లో అయితే ఇంకా దారుణం. 2005 గృహహింస చట్టం కింద వచ్చే రక్షణ ఉత్తర్వులు ప్రధానంగా సివిల్ తరహావి. ఆ ఉత్తర్వును ఉల్లంఘిస్తేనే అది నేరమవుతుంది. అంటే భార్యను కొట్టాడని మేజిస్ట్రేట్ నమ్మి ఆమెకు రక్షణ ఇచ్చినా, రికార్డులో అతనికి 'శిక్ష' ఉండదు.

సరే, శిక్ష అక్కర్లేదు, ఎఫ్‌ఐఆర్ ఉంటే చాలు ఆపేద్దాం అంటే? రాయలసీమలో పుట్టినవాళ్లకు ఆ ప్రమాదం విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ఊళ్లో రెండు వర్గాలు కొట్టుకుంటే ఫిర్యాదులో ఏ1 నుంచి ఏ20 దాకా పేర్లు వస్తాయి. ఆ రోజు ఊళ్లో లేని వాడి పేరూ ఉంటుంది, ముఖ్యంగా వాడు చదువుకునో ఆడుకునో పైకి వస్తున్నవాడైతే. ఎదుటి వర్గం కుర్రాడి సెలక్షన్ చెడగొట్టడానికి ఒక కాగితం చాలు అని తెలిస్తే ప్రతి సెలక్షన్ ముందు స్టేషన్లు కిటకిటలాడతాయి. రౌడీషీటు సంగతీ అంతే. అది తెరవడానికి కోర్టు తీర్పు అవసరం లేదు, పోలీసుల అంచనా చాలు.

తీర్పును మాత్రమే పట్టించుకుంటే బలవంతుడు తప్పించుకుంటాడు. ఫిర్యాదును మాత్రమే పట్టించుకుంటే అమాయకుడు ఇరుక్కుంటాడు. ఈ రెండింటి మధ్య ఒక మెట్టు ఉంది: చార్జిషీటు వేశాక, కోర్టు దాన్ని చూసి అభియోగాలు నమోదు చేసే దశ. జడ్జి ఒకసారి కాగితాలు చూసి, ఇందులో విచారించదగ్గ విషయం ఉంది అన్నాక వచ్చే దశ అది. తాత్కాలికంగా ఆపడానికి అంతకన్నా మంచి గీత నాకు కనపడలేదు.

ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ 2019లో ఇలాంటి గీతే గీసింది. గరిష్ఠంగా 11 ఏళ్లు, అంతకన్నా ఎక్కువ శిక్ష పడే నేరం మోపితే ఆటగాణ్ని ఆటోమేటిగ్గా ఆడకుండా పక్కన పెడతారు. తప్పు చేశాడని అనరు. జీతం ఆగదు, ప్రాక్టీసూ ఆగదు, మ్యాచ్ మాత్రం ఉండదు. ఆ నిబంధన వల్ల జాక్ డి బెలిన్ అనే ఆటగాడు రెండు సీజన్లు పోగొట్టుకున్నాడు. కోర్టులో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది, 2021లో అభియోగాలు ఉపసంహరించారు, అతను మళ్లీ ఆడాడు. రెండేళ్ల ఆట తిరిగి రాదు. నిబంధన అన్యాయం చేసిందా? అతనికి చేసిందనే అనుకుంటున్నాను. కానీ అక్కడ రెండేళ్లలో కేసు తేలింది కాబట్టే ఆ అన్యాయం భరించగలిగేదిగా ఉంది. అదే నిబంధనను యథాతథంగా మన కోర్టుల వేగానికి తగిలిస్తే అది తాత్కాలికం కాదు, యావజ్జీవం. అందుకే మన దగ్గర అలా పక్కన పెట్టడానికి కాలపరిమితి ఉండాలి. ఏడాదికొకసారి ఎవరో ఒకరు ఫైలు తెరిచి, ఆలస్యం ఎవరి వల్ల జరుగుతోందో చూడాలి. నిందితుడే వాయిదాలు తీసుకుంటున్నాడా, సాక్షులు రావడం లేదా అన్నదాన్ని బట్టి నిర్ణయం మారాలి.

చట్టం ఎక్కడ ఆపుతుంది

మన దేశంలో ఎమ్మెల్యేకో ఎంపీకో రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితే పదవి పోతుంది, విడుదలయ్యాక ఇంకో ఆరేళ్లు పోటీ చేయకూడదు. ఆటగాడికి అలాంటి చట్టం లేదు. కానీ అడ్డంకులు పక్కదారుల్లో ఉన్నాయి.

ఒకటి పాస్‌పోర్టు. 1967 చట్టం ప్రకారం, నైతిక పతనం కిందికి వచ్చే నేరంలో రెండేళ్లు లేదా అంతకన్నా ఎక్కువ శిక్ష పడి ఐదేళ్లు దాటకపోతే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. కేసు పెండింగులో ఉన్నా కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. విదేశాల వీసాలు ఇంకో తలనొప్పి. నేపాల్ స్పిన్నర్ సందీప్ లామిచానేకు అత్యాచారం కేసులో 2024 జనవరిలో ఎనిమిదేళ్ల శిక్ష పడింది, మేలో హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. అయినా జూన్‌లో టీ20 ప్రపంచ కప్‌కు అమెరికా వీసా రాలేదు. వెస్టిండీస్‌లో జరిగిన మ్యాచ్‌లకు మాత్రం జట్టుతో కలిశాడు. అంతకు ముందు 2023లో బెయిల్ మీద ఆడుతున్నప్పుడు స్కాట్లాండ్, నమీబియా ఆటగాళ్లు అతనితో చేయి కలపడానికి నిరాకరించారు. బోర్డు తేల్చలేనిదాన్ని ఎదుటి జట్టు చేతులు వెనక్కి పెట్టుకుని తేల్చింది.

రెండోది ఉద్యోగం. మన ఆటగాళ్లలో ఎక్కువమందికి అన్నం పెట్టేది లీగ్ కాదు, రైల్వేనో పోలీసు శాఖో. ప్రభుత్వ ఉద్యోగికి క్రిమినల్ కేసులో శిక్ష పడితే, శాఖాపరమైన విచారణ లేకుండానే తొలగించే వీలు రాజ్యాంగంలోని 311వ అధికరణలో ఉంది. దీంతో విచిత్రమైన తేడా వస్తుంది. ఒకే కొట్లాటలో ఒకే శిక్ష పడ్డ ఇద్దరిలో రైల్వే ఉద్యోగి రోడ్డున పడతాడు. ప్రైవేటు ఫ్రాంచైజీ కాంట్రాక్టు ఉన్నవాడు వచ్చే వేలంలో పేరు ఇచ్చుకోవచ్చు. నేరం ఒకటే, ఎంతకాలం ఆటకు దూరం కావాలన్నది మాత్రం జీతం ఇచ్చేది ఎవరన్నదాన్ని బట్టి తేలుతోంది.

బోర్డులకు కోపం ఎప్పుడొస్తుంది

శ్రీశాంత్ కేసు గుర్తుందా? 2013 స్పాట్ ఫిక్సింగ్ ఆరోపణల్లో బీసీసీఐ జీవితకాల నిషేధం వేసింది. 2015లో కోర్టు అతని మీద కేసు కొట్టేసినా బోర్డు నిషేధం ఎత్తలేదు. "కోర్టు దారి కోర్టుది, మా క్రమశిక్షణ మాది" అన్నట్టు నిలబడింది. చివరికి 2019లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంటే అది ఏడేళ్లకు తగ్గింది. మన హైదరాబాదీ అజారుద్దీన్‌కు 2000లో వేసిన నిషేధం చెల్లదని 2012లో హైకోర్టు చెప్పేదాకా 12 ఏళ్లు నడిచింది. అంటే తీర్పుతో సంబంధం లేకుండా సొంతంగా విచారించే ధైర్యం, యంత్రాంగం, నిబంధనలు బోర్డులకు ఉన్నాయి. డబ్బు విషయంలో ఉన్నాయి.

2018లో భారత ఫాస్ట్ బౌలర్ ఒకరిపై ఆయన భార్య గృహహింసతో పాటు డబ్బు లావాదేవీల ఆరోపణలు కూడా చేసింది. బోర్డు కాంట్రాక్టు ఆపింది. అవినీతి నిరోధక విభాగంతో డబ్బు కోణం విచారించి, అందులో ఏమీ లేదని తేలగానే కాంట్రాక్టు ఇచ్చేసింది. గృహహింస ఆరోపణ నిజమో కాదో చెప్పాల్సింది కోర్టే, అందులో తప్పు లేదు. కానీ ఒక ఆరోపణకు సొంత విచారణ, ఇంకోదానికి 'అది వాళ్ల ఇంటి వ్యవహారం' అన్న మౌనం ఎందుకు? ఫిక్సింగ్ వల్ల ఆట మీద నమ్మకం పోతుంది, నమ్మకం పోతే ప్రసార హక్కులు పోతాయి. ఆడది దెబ్బలు తింటే టీఆర్పీ పడిపోదు.

పడిపోయే సందర్భాలూ లేకపోలేదు. 2014లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు రే రైస్ లిఫ్టులో కాబోయే భార్యను కొట్టాడు. లీగ్ మొదట రెండు మ్యాచ్‌ల నిషేధంతో సరిపెట్టింది. సెప్టెంబర్‌లో లిఫ్టులోని వీడియో బయటికొచ్చింది, అదే రోజు క్లబ్ అతన్ని తీసేసింది. నిరవధిక నిషేధాన్ని తర్వాత మధ్యవర్తి రద్దు చేసినా ఏ జట్టూ తీసుకోలేదు. అతనికి కోర్టులో శిక్ష పడలేదన్నది గమనించాలి. టైసన్‌కు శిక్ష పడింది, అయినా విడుదలైన ఏడాదికి ప్రపంచ టైటిల్ చేతికొచ్చింది. తేడా నేరంలో లేదు. టైసన్‌ను చూడటానికి జనం టికెట్లు కొంటారు, రైస్ ఆట అప్పటికే దిగజారుతోంది. మనం 'రెండో అవకాశం' అని పిలిచేది చాలాసార్లు ఫామ్‌లో ఉన్నవాళ్లకే దొరుకుతుంది.

తొందరపడి ఉరితీయకూడదని చెప్పే కథ కూడా ఉంది. వేల్స్ ఫుట్‌బాలర్ చెడ్ ఎవాన్స్‌కు 2012లో అత్యాచారం కేసులో ఐదేళ్లు పడింది. 2014లో విడుదలయ్యాక పాత క్లబ్ షెఫీల్డ్ యునైటెడ్ ప్రాక్టీసుకు రానిస్తానంది. ఒలింపిక్ చాంపియన్ జెసికా ఎనిస్ హిల్, అతనికి కాంట్రాక్టు ఇస్తే స్టేడియం స్టాండుకు ఉన్న తన పేరు తీసేయమంది. క్లబ్ వెనక్కి తగ్గింది. 2016లో ఆ తీర్పునే కోర్టు కొట్టేసింది, పునర్విచారణలో అతను నిర్దోషిగా బయటపడ్డాడు. ఎనిస్ హిల్ తప్పు చేసిందని నేననను, ఆ రోజుకు చేతిలో ఉన్న తీర్పును నమ్మి మాట్లాడింది. కాకపోతే తీర్పులూ మారతాయి, నిషేధాలకు వెనక్కి తీసుకునే దారి ఉండాలి.

డచ్ బీచ్ వాలీబాల్ ఆటగాడు స్టీవెన్ వాన్ డె వెల్డె విషయంలో ఆ సందేహం లేదు. 12 ఏళ్ల బాలికపై అత్యాచారం చేసినట్టు తనే ఒప్పుకున్నాడు, 2016లో నాలుగేళ్ల శిక్ష పడింది, ఏడాదికి కాస్త పైగా జైల్లో ఉండి బయటికొచ్చాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడాడు, ప్రేక్షకులు గేలి చేశారు. నెదర్లాండ్స్ ఒలింపిక్ సంఘం అతన్ని క్రీడా గ్రామంలో ఉంచలేదు, మీడియాతో మాట్లాడనివ్వలేదు. అంటే వాళ్లకే నమ్మకం కుదరలేదు. మిగతా క్రీడాకారుల మధ్య ఉంచడానికి జంకే మనిషికి జాతీయ జెర్సీ ఎలా ఇచ్చారన్నదానికి నాకు ఇప్పటికీ సమాధానం దొరకలేదు. క్లబ్ స్థాయిలో ఆడి బతకనివ్వడం ఒక ఎత్తు, ఒలింపిక్స్‌కు పంపడం వేరే ఎత్తు. కూలినీ గౌరవాన్నీ విడదీయొచ్చు అన్నది ఇందుకే.

మారాడని ఎలా తెలుస్తుంది? పశ్చాత్తాపపడ్డానని చెప్పడం తేలిక. మన ఊళ్లో అయితే కొండకెళ్లి తలనీలాలు ఇచ్చి ఫొటో పెడతారు. దేవుడితో లెక్క అక్కడ తేలుతుందేమో గానీ దెబ్బలు తిన్నవాళ్లతో తేలదు. కోర్టు వేసిన పరిహారం కట్టాడా, సాక్షుల జోలికి పోయాడా, ఎంతకాలం ఇంకో కేసు లేకుండా ఉన్నాడు, తాగుడో కోపమో కారణమైతే దానికి వైద్యం చేయించుకున్నాడా. చూడదగ్గవి ఇవి. బాధితుల మాట వినాలి, అయితే నిర్ణయం వాళ్ల నెత్తిన పెట్టకూడదు. మన ఊళ్లలో 'బాధితురాలి అంగీకారం' ఎలా సంపాదిస్తారో అందరికీ తెలుసు.

జిల్లాలో ఏం చేయొచ్చు

ఇదంతా స్టార్ల గొడవ, మనకెందుకు అనుకునే జిల్లా కార్యదర్శులు ఉంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగాల్లో క్రీడా కోటాను 3 శాతానికి పెంచారు, 2025 మెగా డీఎస్సీలో ఆ కోటా కింద టీచర్ పోస్టులు ఇచ్చారు. అంటే జిల్లా సంఘం సంతకం పెట్టిన సర్టిఫికెట్ ఇప్పుడు బడి దాకా, పిల్లల దాకా వెళుతోంది.

ఉద్యోగానికి ఎంపికైనవాడు ఒక ఫారంలో తనపై ఉన్న కేసులు రాయాలి. దాచితే ఏం చేయాలి, రాస్తే ఏం చేయాలి అన్నదానిపై 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చక్కటి దారి చూపింది. చిన్న వయసులో నినాదాలు చేసిన కేసు లాంటివి క్షమించొచ్చు. తీవ్రమైన నేరంలో శిక్ష పడితే నియామకం రద్దు చేయొచ్చు. నిజం చెప్పినవాణ్ని తప్పనిసరిగా తీసుకోవాలని లేదు, కానీ అతని విషయం నిష్పక్షపాతంగా పరిశీలించాలి. కానిస్టేబుల్ పోస్టుకు పనికొచ్చిన ఈ పద్ధతి కబడ్డీ సంఘానికి పనికిరాదా? రిజిస్ట్రేషన్ ఫారంలో ఒక గడి, ఏ నేరాలకు ఏ చర్య అన్నది సీజన్‌కు ముందే రాసిన ఒక పేజీ, సెలెక్టర్లతో సంబంధం లేని ముగ్గురు మనుషులు. నిబంధన ముందు రాయాలి, పేరు తర్వాత రావాలి. ఎదురుగా మంచి రైడర్ నిలబడ్డాక నిబంధన రాయమంటే ఎవరి కలమైనా వంగుతుంది.

అసలు చిక్కు డబ్బు దగ్గర ఉంది. ఆస్ట్రేలియాలో పక్కన పెట్టిన ఆటగాడికి జీతం వస్తుంది. పుత్తూరు దగ్గర పల్లె నుంచి వచ్చే కుర్రాడికి కాంట్రాక్టే లేదు. టోర్నమెంటుకు వెళితే వచ్చే బత్తా, గెలిస్తే ప్రైజ్ మనీలో వాటా, ఏదో ఒక రోజు స్పోర్ట్స్ కోటా ఉద్యోగం వస్తుందన్న ఆశ, అంతే. రెండేళ్లు పక్కన పెడితే అతను బెంగళూరు వెళ్లి డెలివరీ బాయ్‌గా చేరతాడు, నిర్దోషి అని తేలినా తిరిగి రాడు. ఆ కుర్రాడికి నెలనెలా డబ్బు ఇవ్వగల సంఘం మన దగ్గర లేదు.

డబ్బు ఇవ్వలేకపోయినా రెండు పనులు చేయొచ్చు. ఒకటి, వయోపరిమితి ఉన్న కోటాల్లో, నిర్దోషిగా తేలితే ఆ కోల్పోయిన కాలాన్ని కలిపి ఇవ్వొచ్చు. దానికి ఒక జీవో చాలు. రెండోది, ఆపేది మ్యాచ్‌లనే తప్ప ప్రాక్టీసును కాదని రాసి పెట్టొచ్చు. ఫిర్యాదు చేసినవాళ్లు కూడా అదే మైదానానికి వస్తుంటే టైము మార్చుకోవాల్సింది నిందితుడే. ఆ అమ్మాయిని సాయంత్రం బ్యాచ్‌కు రమ్మని, అబ్బోడిని మాత్రం పొద్దున బ్యాచ్‌లోనే ఉంచడం కాదు.